ఐదో ఛానల్‌లో అవ్వ పాట

దయ్యాల విషయంలో నాది మొదటి నుంచీ ఒకటే మాట: ముందు ఎర్తింగ్ చూసుకోండి.

నేను కరీంనగర్‌లో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతాను. ఇక్కడ గల్లీకొక జానపద పాట పుడుతుంది. పుట్టిన ప్రతి పాటా యూట్యూబ్‌కు పోయే ముందు మాలాంటి వాళ్ళ గదిలో ఒక పూట కూర్చుని పోతుంది. ఈ పనిలో వింత శబ్దాలు రోజూ వినిపిస్తాయి. స్పీకర్లో ఎవరో గొణుగుతున్నారంటే అది రేడియో. హెడ్‌ఫోన్‌లో ఎవరో ఊపిరి తీస్తున్నారంటే అది ఏసీ. గోడ మూలుగుతోందంటే పక్కింటి బోరు మోటారు. ఒకసారి ఒక గాయకుడు "అన్నా, చెవుల ఎవలో ఏడుస్తుండ్రు" అని హెడ్‌ఫోన్ పీకేసి బయటికి ఉరికాడు. అంతకు ముందు అతను పాడిన టేకే అది. నేను వెనక్కి తిప్పి వింటున్నాను.

మా మిక్సింగ్ కన్సోల్ మీద ఫాంటమ్, అంటే దయ్యం, అని రాసిన బటన్ ఒకటుంది. మైకుకు కరెంటు పంపే బటన్. భూతప్రేతాలతో నాకున్న సంబంధం అంతవరకే అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ని.

కాబట్టి కింద రాసేది నమ్మమని నేను ఎవరినీ అడగను. నాకే కుదరలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పెక్కడుందో ఎవరికైనా తడితే చెప్పండి, మేలు మరిచిపోను.

స్టూడియో నా ఒక్కడిదే కాదు. నాదీ గంగాధర్‌దీ. వాడిది బోథ్ దగ్గర పల్లె, పత్తి చేలు. బాపు వాడి చిన్నప్పుడే పోతే, అవ్వ, అదే వాళ్ళమ్మ, ఒక్కతే చేను చేసి వాణ్ని చదివించింది. నాది గోదావరిఖని, మా బాపు బొగ్గుబాయిలో దిగేవాడు. పాలిటెక్నిక్‌లో ఇద్దరం ఒకే బెంచీ. వాడు పాఠం వినేవాడు, నేను వాడి పక్కన కూర్చునేవాణ్ని.

హైదరాబాద్‌లో మూతపడిన ఒక స్టూడియో నుంచి పాత కన్సోల్ ఒకటి తెచ్చాం. మంచమంత ఉంటుంది. అందులో ప్రతి ఛానలూ విడిగా పైకి లాగగలిగే ఒక పొడుగాటి పట్టీ. ఒక్కో మైకు ఒక్కో ఛానల్‌లోకి వస్తుంది. మైకు నుంచి వచ్చే శబ్దం చీమ నడకంత. దాన్ని మనిషి గొంతంత చేసే పని ప్రతి ఛానల్‌లో ఉండే ఒక చిన్న చిప్పుది. దాన్ని ఆప్-ఆంప్ అంటారు. అది లేకపోతే ఆ ఛానల్ చచ్చినట్టే. మైకు ముందు బాంబు పేల్చినా ఇటు వైపు ఏమీ రాదు. నేను ఇదంతా రాయడానికి కారణం ఈ ఒక్క సంగతే.

గంగాధర్‌కు ఆ చిప్పులు నచ్చలేదు. వేలిగోరంత చోట అన్ని ట్రాన్సిస్టర్లు ఇరికిస్తే గొంతు కూడా ఇరుకుగానే వస్తుందని వాడి వాదన. అదే పని విడివిడి ట్రాన్సిస్టర్లతో, చేత్తో టంకం పెట్టి చేస్తే గొంతుకు ఒళ్ళు వస్తుందన్నాడు. అలా చేసినదాన్ని డిస్క్రీట్ ఆప్-ఆంప్ అంటారు. మేం డబ్బీ అనేవాళ్ళం. అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉండేది, అడుగున ఆరు కాళ్ళు. ఛానల్‌లో చిప్పు తీసేసి, ఆ చోట ఒక సాకెట్ వేసి, అందులో డబ్బీ గుచ్చాలి.

డబ్బీలో కష్టమంతా మొదటి రెండు ట్రాన్సిస్టర్లది. రెండింటికీ ఒకే గుణం ఉండాలి. సంచీడు ట్రాన్సిస్టర్లను మీటరు మీద ఒక్కొక్కటీ కొలిచి, కలిసేవాటిని ఏరాలి. తర్వాత ఆ రెండింటినీ ముఖాముఖి అతికించాలి, ఒకటి ఎంత వేడెక్కితే రెండోదీ అంతే వేడెక్కేలా. గంగాధర్ ఈ పనిని ఇంటికి పోయినప్పుడల్లా పట్టుకుపోయేవాడు. జిగురు ఆరేదాకా ఆ జంటను దారంతో బిగించేది వాళ్ళ అవ్వ. పత్తి ఏరిన వేళ్ళు, ముడి వేస్తే ఊడదు.

ఒకసారి నేనూ అక్కడున్నాను. అవ్వ దారం కొరుకుతూ అంది, "పెండ్లి చేసుకోరా అంటే గీ మూడుకాళ్ళ పురుగులకు చేస్తుండు. జాతకాలు సుత కలుపుతుండు."

"గవి అలిగి తల్లిగారింటికి పోవు గదనే అవ్వా," అన్నాడు గంగాధర్.

"ఏం కొడుకా, నువ్వన్న చెప్పరాదు?" అని అవ్వ నన్ను చూసింది.

"నేను పెండ్లి భోజనానికి వచ్చినోన్ని అవ్వా, నన్నెందుకు తిప్పలు పెడ్తవ్," అన్నాను. ఆ పూట నాకు కోడికూర రెండోసారి వడ్డించలేదు.

ఆ దారం కట్టిన మొదటి డబ్బీ ఐదో ఛానల్‌లోకి వెళ్ళింది. మేం గొంతులన్నీ ఐదులోనే రికార్డు చేసేవాళ్ళం. ఆ డబ్బీకి ఒక పక్క మూత లేదు, లోపల దారం కనిపిస్తూనే ఉండేది. తర్వాత ఒకటి నుంచి నాలుగు దాకా మార్చాడు. వాటికి మూతలు పెట్టాడు, దారాలు విప్పేశాడు.

మార్చిన ప్రతిసారీ నన్ను కళ్ళు మూసుకోమని ఏదో ఒక పాట వినిపించేవాడు.

"తేడా తెల్సిందా?"

"తెల్సింది. గది వేడైంది."

డబ్బీలు నిజంగానే బాగా వేడెక్కుతాయి. అంతకు మించి నాకు ఏ తేడా వినపడలేదు. వాడు అడిగినప్పుడల్లా నేను ఇలాంటిదే ఒకటి అనేవాణ్ని. వాడు కోపగించుకునేవాడు కాదు. "అవ్వ పాట తీస్త గదా, గప్పుడు తెలుస్తది నీకు," అనేవాడు. అవ్వ పత్తి చేలో పాడే పాటను ఐదో ఛానల్‌లో రికార్డు చేయాలని వాడి కోరిక. ఐదో డబ్బీని ఇంకా కాస్త సవరించాలి, సవరించాక అవ్వను తీసుకొస్తా అనేవాడు. సవరిస్తూనే ఉన్నాడు.

రెండేళ్ళ కిందటి వానాకాలం వాడికి జ్వరం వచ్చింది. ఇంటికి పోయి కొన్నాళ్ళు పడుకుని వస్తానన్నాడు. పోతూ పోతూ ఐదో ఛానల్ డబ్బీ పీకి జేబులో వేసుకున్నాడు. ఉత్తగా పడుకోవడం వాడికి చేతకాదు. డెంగీ అని తేలేసరికి ఆలస్యమైంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఫోన్ వస్తే, రక్తం ఇవ్వడానికి దోస్తులను జీపులో ఎక్కించుకుని బయలుదేరాను. నిర్మల్ రాకముందే, రక్తం అవసరం లేదని ఇంకో ఫోన్ వచ్చింది.

జీపు వెనక్కి తిప్పలేదు, అలాగే ముందుకు పోయాం.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కవర్లో ఫోను, పర్సు, ఆ డబ్బీ ఉన్నాయి. అవ్వ ఆ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది.

వాళ్ళది పూడ్చే ఆచారం. చేను గట్టు పక్కనే తవ్వారు. మా దిక్కు మనిషిని ఉత్త చేతులతో పంపరు. బీడీలు తాగినవాడికి బీడీ కట్ట, పేకాడినవాడికి పేక ముక్కలు, ఇష్టపడింది ఏదో ఒకటి వెంట పెడతారు. అవ్వ తమ్ముడు లస్మన్న మామ నన్ను పక్కకు పిలిచాడు.

"ఏం కొడుకా, మావోనికి ఏమిష్టముండె? తాగుడు లేదు, బీడి లేదు. ఉత్తగ ఎట్ల తోలుదాం?"

జేబులోంచి డబ్బీ తీసి ఇచ్చాను. ఆయన అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిదేంది?"

"గొంతును పెద్దగ చేసేది మామా. వాడే చేసిండు."

వెనక నుంచి ఒక ముసలాయన, "దానికి కరెంటు గావాలె గదనే? ఆడ కరెంటుంటదా?" అన్నాడు.

"మనూర్లెనే సక్కగుండది, ఆడుంటదా," అన్నాడు ఇంకొకాయన.

ఎవరో నవ్వబోయి ఆగారు. అలాంటి మాట మామూలుగా నేను అనాల్సింది. అవ్వ వచ్చి డబ్బీని తన చేతిలోకి తీసుకుంది. మూత లేని పక్క నుంచి దారాన్ని వేలితో తడిమింది. "గీ ముడి నాదే," అంది. కొడుక్కు తొడిగిన కొత్త చొక్కా జేబులో తనే పెట్టింది. జేబు గుండీ కూడా తనే పెట్టింది.

తర్వాత మట్టి వేశారు. నేనూ వేశాను. ఆ డబ్బీ భూమిలోకి పోవడం నా కళ్ళతో చూశాను. సాక్ష్యం కోసం రాస్తున్నాను గానీ ఈ మాట రాయడం నాకేమంత ఇష్టం కాదు.

స్టూడియోలో ఐదో ఛానల్ అలా ఖాళీ అయింది. ఇంకో డబ్బీ చేయొచ్చు. కొలిచి ఏరిపెట్టిన జంటలు వాడి సొరుగులో ఉన్నాయి. చేయలేదు. గొంతులను ఆరో ఛానల్‌కు మార్చాను. దానిలో ఇంకా పాత చిప్పే ఉంది. వచ్చినవాళ్ళు ఎవరైనా ఐదుకు ఏమైందని అడిగితే, సెలవులో ఉందనేవాణ్ని.

చలికాలం పోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే అవ్వ నిలబడి ఉంది. వెనక లస్మన్న మామ, చేతిలో ఆసుపత్రి ఫైలు. అవ్వ గొంతు బొంగురుపోయింది. ఏడ్చి ఏడ్చి అలా అయిందనుకున్నాను. అది కాదట. గొంతులో గడ్డ, ముదిరింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారట డాక్టర్లు. మర్నాడు పొద్దున్నే కరీంనగర్‌లోనే ఆపరేషన్.

"రేపటి సంది మాట రాదట కొడుకా," అంది అవ్వ చాప మీద కూర్చుంటూ. "గంగ నా పాట తీస్తనన్నడు. ఇయ్యాలనే తియ్యి. రేపడిగితే నా తాన ఉండది."

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. రాలేదు.

"ఏందిరా, నీ గొంతు సుత తీసిండ్రా?" అంది.

లస్మన్న మామ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అద్దం అవతల, పాడే గదిలో మైకు ముందు కుర్చీ వేశాను. అవ్వ కూర్చోనంది. వంగి పత్తి ఏరుతూ పాడే పాట కూర్చుంటే రాదట. నిలబెట్టి మైకును కిందికి దించాను. కొంచెం వంగి, రెండు చేతులూ ముందుకు పెట్టుకుని నిలబడింది. హెడ్‌ఫోన్ పెడితే, "చెవులకు సుత గంతలు కడ్తరా," అని కొంగు సర్దుకుంది.

గోడకున్న ప్లేటులో ఒక్కో ఛానల్‌కు ఒక్కో రంధ్రం ఉంటుంది, అందులో మైకు కేబుల్ గుచ్చాను. అద్దం ఇవతలికి వచ్చి, కంప్యూటర్లో ట్రాకు తెరిచి, కన్సోల్ మీద శబ్దం పెంచే మీట, ఫేడర్, ఎత్తాను. ఏళ్ళ తరబడి చేసిన పనులు. ఆ పూట నా బుర్ర అక్కడ లేదు, చేతులే చేసుకుపోయాయి.

ఆ పాటకు పేరంటూ లేదు. పత్తి ఏరే వరుసలో ఉన్న ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయే పాట. వెనకబడినవాళ్ళను పిలిచే పాట. పేరు వచ్చినవాళ్ళు ఉన్నచోటి నుంచే పలకాలి. అవ్వ మొదలుపెట్టింది. బొంగురు గొంతు మొదట సన్నగా వణికి, రెండో పేరుకు నిలదొక్కుకుంది.

అప్పుడు విన్నాను. స్పీకర్లలోంచి గొంతు వస్తున్నట్టు లేదు, అద్దానికి ఇవతల మనిషి నిలబడినట్టుంది. గొంతులోని గరుకు, ఆ గరుకు కింద జబ్బుకు ముందున్న గొంతు, పెదవులు విడిపడే చప్పుడు, ఊపిరి తీసుకునే ముందు చిన్న తడబాటు. దేనికీ ఇరుకు లేదు. ఊపిరికి కూడా బరువుంది. గంగాధర్ అన్నిసార్లు అడిగిన తేడా ఇదే. తెలిసిందని చెప్పడానికి పక్కకు తిరిగాను. పక్కన లస్మన్న మామ ఉన్నాడు.

చివర్లో అవ్వ గంగాధర్ పేరు కలిపింది. కలిపి, పలికేవాళ్ళ కోసం ఆగాల్సినంత సేపు ఆగింది. ఎవరూ పలకలేదు. రికార్డులో కూడా ఎవరూ పలకలేదు. మీరు ఆశపడకండి, నేను చాలాసార్లు విని చూశాను. ఆ తర్వాత ఆమె పాట ముగించింది.

వెనక్కి తిప్పి వినిపించాను. "నా గొంతు గిట్లుంటదా?" అంది. "మంచిగున్నది గదరా. గిన్నొద్దులు ఎవ్వలు చెప్పలే."

ఇంకోసారి పాడమని అడగలేదు. ఆమెకు ఓపిక లేదు. వాళ్ళను ఆటో ఎక్కించి వచ్చి, కేబుల్ చుట్టడానికి వంగాను. అది ఐదో రంధ్రంలో ఉంది.

ముందు నవ్వొచ్చింది. తప్పు రంధ్రంలో గుచ్చానన్నమాట, పాట పోయిందన్నమాట అనుకున్నాను. అనుకుంటుండగానే గుర్తొచ్చింది, పాట పోలేదు, ఇందాకే ముగ్గురం విన్నాం. కంప్యూటర్ చూశాను. ఐదో ట్రాకులో పాట నిండుగా ఉంది. కన్సోల్ మీద ఐదో ఫేడర్ ఎత్తి ఉంది, ఆరోది కిందే ఉంది. కరెంటు తీసేసి ఐదో పట్టీ పైకి లాగాను. సాకెట్ ఖాళీ. దాని ఆరు రంధ్రాల మీదుగా సాలెగూడు, చెక్కుచెదరకుండా. ఫోటో తీసుకున్నాను.

మొదట నన్నే అనుమానించాను, చదువుకునే రోజుల నుంచీ అది నాకు అలవాటే. పక్క ఛానల్‌లోంచి శబ్దం కారిందా? కారితే దోమ రొదలా వస్తుంది, ఇలా రాదు. పైగా పక్క ఛానళ్ళలో మైకే లేదు. రేడియోనా? రేడియోకు అవ్వ పాట రాదు. మిగతా డబ్బీలు? నాలుగూ వాటి వాటి చోట్లే ఉన్నాయి. పట్టీ మళ్ళీ దించి, అదే మైకు, అదే కేబుల్, అదే ఐదో రంధ్రంలో పెట్టి నేను పాడాను. మీటరు కదలలేదు. నా పాటకు అది న్యాయమే. కానీ చప్పట్లు కొట్టినా, మైకు మీద వేలితో తట్టినా కదలలేదు.

హైదరాబాద్‌లో పాత కన్సోళ్ళు బాగుచేసే ఒక పెద్దాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఓపికగా విని, "సరిగ్గా నిద్రపోతున్నావా నాయనా?" అన్నాడు. పాట పంపాను. కొన్నాళ్ళకు ఆయన దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఇది చిప్పులోంచి వచ్చిన గొంతు కాదు, డిస్క్రీట్‌దే, ఎవరు చేశారో చెప్పు, నాకూ కొన్ని కావాలి అని. జవాబు రాయబోయి చెరిపేశాను, మళ్ళీ రాయబోయి మానేశాను.

పాట తీసిన మర్నాడు, ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆసుపత్రికి పోయాను. లోపలికి తీసుకుపోయే ముందు అవ్వ నన్ను దగ్గరికి వంగమని సైగ చేసింది.

"ఇగ నీ సోది ఇనుడే గని ఎదురు చెప్పుడు లేదు," అంది. "నీ పంట పండింది పో."

నేను విన్న ఆమె చివరి మాట అది.

అవ్వ బతికింది. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద తెల్ల గుడ్డ. ఊపిరి అక్కడి నుంచే. మాట లేదు. పత్తి విత్తనం వేసే రోజుల్లో పాటను ఫోనులో వేసుకుని బోథ్ వెళ్ళాను. లస్మన్న మామ అక్కడే ఉన్నాడు. చాయ్ తాగుతూ మొత్తం చెప్పేశాను. సాలెగూడు ఫోటో చూపించాను. అవ్వ ఫోటోను చాలాసేపు చూసింది. లస్మన్న మామ రెండు గుక్కల మధ్య ఆలోచించాడు.

"గట్లయితే గా డబ్బి ఆడ జేబుల ఉన్నట్టా, లేనట్టా?"

"తెల్వదు మామా."

"సదివినోనివి గదరా."

"గీ పాఠం రాలే మామా."

ఆయన గంగాధర్‌ను పూడ్చిన గట్టు వైపు చూశాడు. గడ్డపార గోడకు ఆనించి ఉంది. ఇద్దరం దాన్ని చూశాం. నిజం చెప్పాలంటే కరీంనగర్ నుంచి దారి పొడుగునా నా మనసులో ఉన్నది అదే. తవ్వి, ఆ జేబు గుండీ విప్పితే తేలిపోతుంది. ఉంటే ఒక జవాబు, లేకపోతే ఇంకో జవాబు.

అవ్వ లేచింది. గడ్డపార తీసుకుని ఇంట్లోకి నడిచింది. తలుపు వెనక పెట్టిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని ఫోను వైపు వేలు చూపింది.

పాట పెట్టాను. విన్నంత సేపూ ఆమె చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరే ఉంది. అయిపోయాక, నేను ఏదైనా జోకు వేస్తానేమోనని లస్మన్న మామ నా ముఖం చూశాడు. నేను అవ్వ ముఖం చూశాను.

ఐదో ఛానల్‌లోంచి ఆ గొంతు ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అవ్వ ఆ సంగతి అడగనే లేదు. మళ్ళీ పెట్టమని సైగ చేసింది. పెట్టాను.